నోలా మాట, చిలుక నోట

క్లైవ్ హోకింగ్‌కు మతిమరుపు ముదిరి, పబ్బు అమ్మేసి వృద్ధాశ్రమంలో చేరినప్పుడు అతని చిలుకను తీసుకోవడానికి సముద్రపు ఒడ్డున ఉన్న మా వాలరూ ఊళ్లో ఒక్కరూ ముందుకు రాలేదు. తప్పు చిలుకది కాదు. కళ్లు తెరిచినప్పటి నుంచి అది పబ్బు కౌంటరు మీదే కూర్చుని, మా ఊరి మగవాళ్లు తాగితే ఏం మాట్లాడతారో అదే నేర్చుకుంది. తెల్లని కాకటూ చిలుక. కోపమొస్తే నెత్తి మీది పసుపు తురాయిని విసనకర్రలా విప్పేది. పేరు డ్యూక్. "తాగింది చాలు, లేచి ఇంటికి పో" అన్నది దాని మాటలన్నిటిలోకీ మర్యాదైనది. "నీ పెళ్లాం వస్తోంది, వెనక గుమ్మంలోంచి దూకు" అన్నది దాని తరవాతది. ఇంకోదాంట్లో ఒక బిషప్పు, ఒక గొర్రె ఉంటారు. అంతకు మించి ఇక్కడ రాయలేను.

దాన్ని తెచ్చుకున్నది నోలా పెంగెలీ. నా బేకరీ పక్కిల్లే ఆమెది. ముందుగదిలో పార్లర్ నడిపేది. వయసు డెబ్బై దాటినా ఊళ్లో సగం తలలు ఆమె చేతి కిందకే వచ్చేవి. మొగుళ్ల సంగతి ఎవరైనా ఎత్తితే, "మొదటివాణ్ణి పాతిపెట్టాను, రెండోవాణ్ణి గెంటేశాను. రెండుసార్లూ వాతావరణం బాగుంది" అని కత్తెర ఆడిస్తూనే చెప్పేది.

"ఆ బూతుల బుంగ నీకెందుకు నోలా?" అని నేనడిగాను.

"ఇంట్లో ఎవరో ఒకరు తిట్టకపోతే నాకు తోచదురా కెన్" అంది.

మొదటి వారంలోనే గొడవలు మొదలయ్యాయి. మా చర్చి పాస్టరమ్మ ఫిలిపా తల నిండా రోలర్లతో డ్రయ్యర్ కింద కూర్చుని ఉంది. డ్రయ్యర్ హోరులో ఆమెకు సరిగ్గా వినపడదు. "తాగింది చాలు, లేచి ఇంటికి పో" అన్న గొంతు నోలాదే అనుకుని, పాపం, రోలర్లతోనే లేచి వీధిలోకి వెళ్లిపోయింది. నోలా పరుగెత్తి వెనక్కి తీసుకొచ్చింది. తీసుకొచ్చి కూర్చోబెట్టేలోగా డ్యూక్ బిషప్పు మాట పూర్తిగా, స్పష్టంగా చెప్పింది.

ఫిలిపా రోలరు సర్దుకుంటూ, "ఏ బిషప్పు గురించి?" అని అడిగింది.

"పాతాయన గురించి" అంది నోలా.

"అలాగా" అని ఫిలిపా పత్రిక తిరగేసుకుంది.

ఆమె ఓర్చుకుంది గానీ అందరూ అలా ఊరుకోరు కదా. స్కూలు పిల్లల్ని క్రాఫు కోసం తెచ్చే తల్లులు మానేశారు. ఆ పిల్లలు మాత్రం కిటికీ దగ్గర గుంపులుగా చేరి, చిలుక నోరు విప్పితే చాలు పడీపడీ నవ్వేవాళ్లు. వాళ్లు నవ్వేకొద్దీ డ్యూక్ రెచ్చిపోయేది. విసిగిపోయిన నోలా దాన్ని కారులో వేసుకుని పక్క ఊరు కడీనాలో ఉన్న పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

ఆయన చెప్పింది ఇదీ. చిలుకకు అర్థంతో పని లేదు, గుర్తింపుతో పని. తిట్టినా గుర్తింపే, నవ్వినా గుర్తింపే. బూతు మాట్లాడితే ఉలకొద్దు, పలకొద్దు, వీపు తిప్పేసుకోండి. మంచి మాట అంటే వెంటనే బాదంపప్పు పెట్టండి. పాతమాటను పూర్తిగా మానిపించలేరు. దాని మొదలు ఉంచి, చివర మార్చండి.

"అంటే నేను చిలుకను మార్చక్కర్లేదు. ఊరిని మార్చాలి" అని నోలా ఇంటికొచ్చి తేల్చింది.

అన్నంత పనీ చేసింది. పార్లర్లో నవ్వినవాళ్లను ఉన్నపళంగా బయటికి పంపేసేది. పీతల పడవ నడిపే రాన్ ట్రెంబత్ దాన్ని నమ్మలేదు. బిషప్పు మాటకు పొట్ట పట్టుకుని నవ్వాడు. నోలా కత్తెర పక్కన పెట్టి తలుపు తీసింది. ఎడమ వైపు నున్నగా, కుడి వైపు గుబురుగా ఉన్న తలతో రాన్ నా బేకరీకి వచ్చి నిలబడ్డాడు.

"ఇదేం న్యాయం కెన్?" అన్నాడు.

"మాంసం కూరిన పాస్టీ కావాలా?" అన్నాను, నవ్వకుండా. నాకూ తల ఉంది కదా.

ఇంతలో మాటల చివరలు మార్చే పని సాగింది. డ్యూక్ "బిషప్పు" అనగానే నోలా అందుకుని "గారూ, టీ తాగుతారా" అని పూర్తిచేసి, బాదంపప్పు నోట్లో పెట్టేది. "నీ పెళ్లాం వస్తోంది" అనగానే "కుర్చీ వెయ్యి" అనేది. ఇలా వేసవి గడిచింది. చలికాలం వచ్చేసరికి చిలుక సన్యాసం పుచ్చుకున్నట్టే అయింది. గడప తొక్కిన ప్రతివాళ్లనీ "బిషప్పుగారూ, టీ తాగుతారా" అని పలకరించేది. ఫిలిపా దాన్ని చర్చి తిరునాళ్లకు కూడా పిలిచింది.

ఆ నెలల్లో నోలాకు తట్టని సంగతి ఒకటి ఉంది. మనుషులు వెళ్లిపోయాక తనలో తను మాట్లాడుకోవడం ఆమెకు అలవాటు. నేల ఊడుస్తూ, జుట్టు పోగు చేస్తూ, ఆ రోజు వచ్చినవాళ్లందరి లెక్కా తేల్చేది. ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు అది ఎవరికీ వినపడలేదు. ఇప్పుడు ఆమె ఒక్కతే కాదు.

గురువారం వచ్చేది జాయిస్ రొడ్డా. ఇద్దరూ బళ్లో ఒకే బెంచీ. జాయిస్ మొగుడు మెర్వ్ పోయి చాలా ఏళ్లయింది గానీ, పోయినప్పటి నుంచీ అతను రోజురోజుకీ మంచివాడవుతూ వచ్చాడు. జుట్టు తడిపింది మొదలు ఆరే దాకా మెర్వ్ గొప్పలే. మెర్వ్ ఎవరి మనసూ నొప్పించలేదు, మెర్వ్ పరాయి ఆడదాన్ని కన్నెత్తి చూడలేదు. నోలా "ఊఁ" అంటూ పిన్నులు గుచ్చేది.

ఆ గురువారం నేను అక్కడే ఉన్నాను, మధ్యాహ్నం టీకి బన్నులు ఇవ్వడానికి వెళ్లి. జాయిస్ అద్దంలో చూసుకుంటూ, "మా మెర్వ్ దేవుడే" అంది.

వెనక నుంచి నోలా గొంతుతో, నోలా విసుగుతో, నోలా చీపురు చప్పుడుతో సహా, "మెర్వ్ దేవుడట. ఆ దేవుడు నా వంటింట్లో చెయ్యెక్కడ పెట్టాడో దీనికేం తెలుసు" అని వినపడింది.

నోలా నోరు మూసుకునే ఉంది. డ్యూక్ తల పక్కకు వంచి, బాదంపప్పు కోసం ఎదురుచూస్తోంది.

జాయిస్ మెడలో తువ్వాలు తీసి మడతపెట్టింది. తడి జుట్టుతోనే లేచి, తలుపు మెల్లగా వేసి వెళ్లిపోయింది. తలుపు ధడాలున వేసి ఉంటే బాగుండేది అని నోలా తరవాత నాతో అంది.

మరుసటి గురువారం జాయిస్ రాలేదు. ఆ పైదీ రాలేదు. నోలా ఫోన్ చేస్తే ఎత్తలేదు. పార్లర్లో నోలా మాటలు తగ్గిపోయాయి. చిలుక ముందు నోరు విప్పాలంటే భయం పట్టుకుంది ఆమెకు. నేల ఊడవాలంటే డ్యూక్‌ను పెరట్లో కూర్చోబెట్టి వచ్చేది.

"మెర్వ్ సంగతి నిజమేనా?" అని నేనడిగాను.

"నిజం కాకపోతే ఇంత బాధెందుకురా" అంది.

చివరికి వాళ్లిద్దరూ నా కౌంటరు ముందే ఎదురుపడ్డారు. నోలా రొట్టె కోసం వచ్చింది. జాయిస్ అప్పుడే లోపలికొచ్చింది. నేను లోపలికి తప్పుకుందామనుకున్నాను. పొయ్యిలో పాస్టీలు ఉన్నాయి, మాడిపోతాయని అక్కడే నిలబడ్డాను. అంటే, నాకు నేను అలా చెప్పుకున్నాను.

"జాయిస్, నేను ఆ మాట..." అని నోలా మొదలుపెట్టింది.

"నువ్వాగు" అంది జాయిస్. "మెర్వ్ చేతులు ఈ ఊళ్లో ఎన్ని వంటిళ్లు తిరిగాయో నాకు తెలియదనుకున్నావా? కాపురం చేసినదాన్ని నేను. పోయినవాణ్ణి దేవుణ్ణి చేసి చూపితే నాకు కాస్త గౌరవంగా ఉండేది, అంతే."

"మరి నాతో మాట్లాడటం ఎందుకు మానేశావే?"

"ఇన్నేళ్లు నాకు చెప్పని మాట చిలుకకు చెప్పావు కనక."

నోలా రొట్టె కౌంటరు మీద పెట్టేసింది. "చెప్తే నువ్వు నన్ను వదిలేస్తావనుకున్నాను" అంది, చాలా మెల్లగా. ఆమె మెల్లగా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను.

జాయిస్ కాసేపు పాస్టీల అద్దాల పెట్టెకేసి చూసింది. "సరే, వాడు చెయ్యి వేశాడు. నువ్వేం చేశావు?"

"అప్పడాల కర్రతో మణికట్టు మీద ఒక్కటిచ్చాను."

"ఏ చెయ్యి?"

"కుడిది."

"అబద్ధాలకోరు!" అంది జాయిస్. "కారు బానెట్ చేతి మీద పడిందని ఏడ్చుకుంటూ వచ్చాడు. కట్టు కట్టింది నేను. మాంసం ముక్కలు కోసి పెట్టింది నేను. నెల రోజులు బూట్ల లేసులు కట్టింది కూడా నేనే."

ముందు నోలా నవ్విందో, జాయిస్ నవ్విందో నాకు గుర్తు లేదు. ఇద్దరూ కౌంటరు పట్టుకుని నవ్వుతుంటే రొట్టెల కోసం వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగిపోయారు. పాస్టీలు నిజంగానే మాడాయి.

ఆ మాటను మాన్పించే పని జాయిస్ తన మీద వేసుకుంది. బాదంపప్పు సంచీతో రోజూ వచ్చి డ్యూక్ ముందు కూర్చునేది. "మెర్వ్ దేవుడట" అనగానే "మెర్వ్ మంచి ఈతగాడు" అని అందించాలని ఆమె పథకం. అది నిజమేనట, మనిషి జెట్టీ చివరి దాకా ఈదేవాడట. కానీ చిలుక ఆ మాట ఎత్తగానే నోలా కళ్లు జాయిస్ కళ్లను కలిసేవి, ఇద్దరికీ నవ్వొచ్చి పని చెడిపోయేది. కొన్నాళ్లకు ప్రయత్నం మానుకున్నారు.

జాయిస్ మెర్వ్ ఫొటోను ముందుగది గోడ మీంచి తీసి కారిడార్లో పెట్టిందని విన్నాను. పారెయ్యలేదు. అతని గురించి ఇప్పుడు ఎవరైనా అడిగితే, "ఈత బాగా వచ్చు, చేతులు ఊరుకోవు" అని చెప్తుంది. పరదా లాంటిదేదో తొలగినట్టు ఆమె మనిషే తేలికపడింది. పోయిన నెల జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, రంగు కూడా మానేసింది. నోలా ఇచ్చిన సలహా కాదు, సొంత నిర్ణయం.

నోలా వేళ్లకు కీళ్లనొప్పులు వచ్చి, గురువారాలు పార్లర్ మూసేస్తోంది. ఆ రోజు ఇద్దరూ కారు వేసుకుని మూంటా బే తీరం వైపు వెళ్లి, మడత కుర్చీలేసుకుని గాలం వేస్తారు. చిలుక వెనక సీట్లో పంజరంలో వెళ్తుంది. కాకటూలు మనుషుల కంటే ఎక్కువ కాలం బతుకుతాయి కాబట్టి, ముందు ఎవరు పోతే రెండోవాళ్లు దాన్ని చూసుకోవాలని మాట అనుకున్నారు. ఇద్దరూ పోయాక సంగతేమిటని అడిగాను.

"నువ్వున్నావుగా" అంది జాయిస్, ఇంకో పాస్టీ సంచీలో వేయించుకుంటూ. నేను ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.