బంగాళాఖాతం ముళ్ల గింజలు

ఉప్పల్ రోడ్డులోని ఒక పరిశోధన సంస్థలో నేను పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా నడుస్తోంది. బంగాళాఖాతం అడుగు నుంచి గొట్టాలతో తీసిన మట్టిని యాసిడ్‌లో కడిగి, మిగిలిన నలుసులు ఏ ప్రాణి శిలాజాలో మైక్రోస్కోపు కింద గుర్తించడం నా పని. పుప్పొడి, నాచు, సముద్రపు పురుగుల దవడలు... చాలావాటికి పేర్లు దొరికేవి. ఒక్క రకానికి మాత్రం దొరకలేదు. కంటికి ఆననంత చిన్న గోధుమరంగు గింజ, ఒంటి నిండా ముళ్లు. వేల ఏళ్ల కిందటి పొరలోదైనా నిన్ననే రాలినట్టుండేది.

అలాంటివాటిని మా శాస్త్రంలో ‘పుట్టుక తెలియనివి’ అని ఒక గుంపులో పడేస్తారు. నాకు మనసొప్పలేదు. కొన్ని గింజలు ఒక పక్క పగిలి, పిల్ల బయటికొచ్చిన గుడ్డు పెంకుల్లా ఉండేవి. ఆ మాటే మా గైడుతో అన్నాను. ఆయనది కరీంనగర్.

"గుడ్లేమో అనిపిస్తున్నది సార్."

"అనిపిస్తే సరిపోతదా అమ్మా? గసొంటిదే బతికున్నది ఇప్పటి బురదల దొర్కాలె. దాంట్లకెళ్లి ఏమొస్తదో కండ్లార సూడాలె. గప్పుడే నలుగురు ఒప్పుకుంటరు."

హైదరాబాదులో సముద్రం ఎక్కడిది? కాకినాడలో చేపల మీద పని చేసే స్నేహితురాలు తీరంలోని బురదనూ, ఒక క్యాను సముద్రపు నీళ్లనూ ఐసు పెట్టెలో సర్ది బస్సులో పంపింది. బురద జల్లించి చూస్తే అవే ముళ్ల గింజలు, లోపల నిండుగా! ఆ పూట ఆనందంతో నాకు అన్నం సయించలేదు. గాజు గిన్నెల్లో ఉప్పునీళ్లు పోసి, గింజలు వేసి, చల్లదనం మారకుండా చూసే మెషీన్లో పెట్టాను.

కొద్దిరోజులకే బంద్ వచ్చిపడింది. బస్సులు ఆగిపోయాయి. మేం నాచారంలో అద్దెకుండేవాళ్లం. మా ఆయన అక్కడే మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, అదీ మూతపడింది. నడిచి వెళ్తానన్నాను.

"రోడ్ల మీద లాఠీలు లేస్తున్నయ్. నీ గింజలు యాడికన్న ఉరుకుతయా?" అన్నాడు. అంటూనే చెప్పులేసుకుని నా వెంట బయల్దేరాడు.

హబ్సిగూడ చౌరస్తాలో పోలీసులు ఆపారు. ఐడీ కార్డు చూపించినా వదల్లేదు. "గుడ్లు పొదిగే టైమండీ, పోవాలె" అని బతిమాలాను. కానిస్టేబుల్ మా ఆయన వైపు తిరిగి, "కోళ్లఫారమా?" అన్నాడు. గల్లీల్లోంచి చుట్టు తిరిగి చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

పొద్దున్నే కరెంటు పోయిందట. మెషీను తలుపు తీస్తే లోపలి నుంచి వెచ్చటి గాలి కొట్టింది. గింజలు ముడుచుకుపోయాయి. ఒక్క గిన్నెలో మాత్రం ఒక గింజ పగిలి ఉంది. దాని పక్కన ఏదో కదులుతోంది.

కరెంటు లేక కెమెరా పనిచేయదు. కింద అద్దం ఉండే పాత మైక్రోస్కోపును కిటికీ దగ్గరికి లాగి, ఆ వెలుతురులో చూశాను. మూడు జతల కాళ్లు, నడుమ ఒకే ఒక్క ఎర్రటి కన్ను. సముద్రపు నీళ్లలో తేలుతూ బతికే, రొయ్యలకు దూరపు చుట్టమైన ఓ చిన్న ప్రాణి పిల్ల అది. అయితే ఆ చుట్టాల్లో వేల జాతులున్నాయి. ఏ జాతిదో తెలియాలంటే అది పెరగాలి, పలుమార్లు కుబుసం విడవాలి. అందుకు చల్లటి ఉప్పునీళ్లు కావాలి. క్యానులోవి కూడా కాగినట్టున్నాయి. గిన్నె చుట్టూ తడిగుడ్డ చుట్టాను. మా ఆయన అట్టముక్కతో విసరసాగాడు.

"ఉన్నదా?"

"ఉన్నది."

కాళ్ల ఊపు నెమ్మదించింది. నాకు చేతనైంది బొమ్మ గీయడం ఒక్కటే. గీస్తూ ఉండగానే ఒక జత కాళ్లు ఆగాయి. కన్ను గీసి మళ్లీ చూసేసరికి అసలు కదలికే లేదు.

"ఇగ ఏం జేయరాదా?" అన్నాడు. రాదన్నాను. అయినా అతను కాసేపు విసురుతూనే ఉన్నాడు.

బంద్ ముగిశాక సార్ వచ్చి బొమ్మ చూశారు. "గుడ్డే. నువ్వన్నదే నిజమైంది. గని ఎవరి గుడ్డంటే ఏం జెప్తం?" అని కుర్చీలో కూలబడ్డారు.

స్నేహితురాలు మళ్లీ బురద పంపింది. కానీ ఈలోపు ఓడల కోసం ఆ చోటంతా తవ్వేశారట. అందులో ముళ్ల గింజ ఒక్కటీ లేదు. నా గడువూ అయిపోయింది. ‘రొయ్యల దూరపు బంధువుల గుడ్లు, జాతి తెలియదు’ అని థీసిస్‌లో రాశాను. రాష్ట్రం వచ్చేనాటికి పీర్జాదిగూడలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. అవి ఏ ప్రాణివో ఇప్పటికీ నాకు తెలియదు.