కాయితాల పని

వార్నీషు డబ్బా మూత తీయగానే ముక్కుకెక్కే ఆ ఘాటు ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు. ఇక్కడ బర్మాలో, తాకేటా పేటలో నాకో చిన్న దుకాణం ఉంది. పాత బీరువాలూ సొరుగుల బల్లలూ తెచ్చి ఇస్తారు. వాటిని రుద్ది, రంగేసి, కాగితపు పూలు అంటించి, పైన వార్నీషు పూసి కొత్త రూపు తెప్పిస్తాను. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనే. అయినా ఆ మూత తీసినప్పుడల్లా గుమ్మం వైపు చూస్తాను. ఏదో చెయ్యకూడనిది చేసేశాననీ, ఎవరో మెట్లెక్కి నన్ను నిలదీయడానికి వస్తున్నారనీ అనిపిస్తుంది. నిజానికి నా దుకాణానికి మెట్లే లేవు. పుట్టుకతోనే పిరికిదాన్నని మా అమ్మ అంటుంది గానీ, ఈ భయం మాత్రం పుట్టుకతో వచ్చింది కాదు. ఇది నీలమ్మ పిన్ని ఇంట్లో ఒక మంగళవారం నాడు మొదలైంది. ఆవిణ్ణి మీరెవరూ చూసి ఉండరు, అందుకే మొదట్నించీ చెబుతాను.

అప్పట్లో లమ్మడా పేటలో మా వాటా మూడో అంతస్తు, ఆవిడది రెండో అంతస్తు. చుట్టరికం ఏమీ లేదు. రేవులో మూటలు మొయ్యడానికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళ పిల్లలమూ మనవలమూ, అంతే. బర్మా వాళ్ళకి ఆవిడ డా న్యో, అంటే న్యో అమ్మగారు. బుగ్గలకి తనకా గంధం, నుదుట రూపాయంత బొట్టు, బక్కపలచని మనిషి. వయసులో ఉన్నప్పుడు ఓ దొరసాని ఇంట్లో ఆయాగా చేసిందట. ఆ దొరసాని పొద్దుపోక కాగితపు పూలు కత్తిరించి చెక్కపెట్టెలకి అంటిస్తూ ఉంటే చూసి నేర్చేసుకుంది. భర్త పోయాక ఆవిడకీ, కూతురు రత్నానికీ ఆ పనే అన్నం పెట్టింది. దానికి ఆవిడ పెట్టుకున్న పేరు ‘కాయితాల పని’. ఆ మాట వింటే మా సందులో అందరూ నవ్వేవాళ్ళు. మావాళ్ళలో కాయితాలంటే ఒకటే అర్థం. మన తాత ఎవరో, ఈ దేశంలో ఎప్పట్నించి ఉన్నాడో రుజువు చేసే కాగితాలు. “కాయితాలున్నాయా?” అని ఎవరైనా అడిగితే ఎంతటి మొనగాడైనా జేబులు తడుముకుంటాడు.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు లైంగ్‌థార్యార్‌లో కుట్టు ఫ్యాక్టరీ పని పోయింది. ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే పిన్ని కేకేసి పిలిచి చేతిలో ఉప్పు కాగితం పెట్టింది. “ఏటే, దానిమీద నీకేటి పగ? చెక్క ఎటు పోతాదో అటే రుద్దాల” అనడం నాకు మొదటి పాఠం. జిగురు నీళ్ళు కలిపి పలచగా రాయడం, తడిగుడ్డతో మధ్యలోంచి అంచులకి తుడుస్తూ గాలిబుడగలు తోసెయ్యడం, అన్నీ అలా తిడుతూనే నేర్పింది. ఒక కాగితం మీద ఇంకొకటి అంటించాలంటే మాత్రం మధ్యలో ఒక పూత వార్నీషు పడి తీరాల్సిందే. “నేకపోతే రెండూ కలిసిపోయి ఒకదాన్నొకటి తినేస్తాయి. మద్దెన గోడుండాల” అనేది. వార్నీషు ఆరేదాకా గంటలు గంటలు ఆగడం నాకు విసుగ్గా ఉండేది.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. చదవకుండా ఏ కాగితానికీ కత్తెర పెట్టకూడదు. “సచ్చిపోయినోళ్ళ పేరుంటాది, దేవుడి మాటుంటాది. సొరుక్కి ఎడితే కాలు తగలదేటి?” అనేది. ఆవిడకి ఏ భాషా చదవడం రాదు. కాగితం నా చేతికిచ్చి “సదివి సెప్పు” అని చెవి ఒగ్గి కూర్చునేది. బర్మా భాష నేను గడగడా చదువుతాను. తెలుగు గుళ్ళో ఆదివారం నేర్పినంత మటుకు కూడబలుక్కుంటాను. ఇంగ్లీషు అచ్చులో ఉంటే సరే, చేతిరాత అయితే అస్సలు రాదు. పిన్ని మాత్రం “మా పైడికి మూడు బాసలొచ్చు” అని మెట్ల మీద కనిపించిన వాళ్ళందరికీ చాటింపు వేసేది. కాదని చెప్పలేకపోయాను. వినడానికి ఎంత బాగుండేదో!

పిన్ని తల్లి నాటి టేకు సొరుగుల బల్ల ఒకటి గోడవారన ఉండేది. వీధి చివర టీ దుకాణం పెట్టినాయన చూసి ముచ్చటపడి కొంటానన్నాడు. పాతకాలపు కాగితాలు అంటించి ఇమ్మన్నాడు. అడుగు సొరుగులో పరిచిన వార్తాపత్రిక ఎత్తితే దాని కింద ఒక కట్ట దొరికింది. బిస్కెట్ డబ్బాల లేబుళ్ళు, బట్టల తానుల రంగు చీటీలు, వాటి మధ్య గోధుమరంగుకి తిరిగిన ఒక కాగితం. గుండ్రటి ముద్ర, వాలుగా సాగిన ఇంగ్లీషు చేతిరాత, కింది మూల ఒక నల్లటి మరక.

“ఇదేటి? సదువు” అంది పిన్ని.

ఒక్క అక్షరం కొరుకుడు పడలేదు. రత్నం ఇంట్లో లేదు గానీ, పక్కింటావిడ గుమ్మంలో కూర్చుని నా వైపే చూస్తోంది. నా మూడు భాషల గొప్ప ఆవిడ అప్పటికే విని ఉంది.

“పాత బిల్లు పిన్నీ. రేవులో సరుకు దించిన బిల్లు” అనేశాను.

“ముద్ర బాగుందే. పై సొరుక్కి మద్దెన ఎట్టు” అంది. అలాగే పెట్టాను. మరక బాగాలేదని, మధ్య పూత ఆరాక, దానిమీద ఓ ఎర్ర గులాబీ కత్తిరించి అంటించాను. పైన అయిదు పూతలు వేశాం. పిన్ని వేలితో మీటి చూసి మెచ్చుకుంది. ఆ రోజు నేను నేలమీద నడవలేదు.

వారం తిరక్కుండా రత్నానికి కార్డుల ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. బడివాళ్ళు పంతులమ్మ ఉద్యోగం ఇస్తామన్నారు, కానీ పౌరసత్వ కార్డు ఉంటేనే. ఆ కార్డు కోసం తాతగారి అసలు కాగితం పట్టుకుని గురువారం రమ్మన్నారు. మంగళవారం పొద్దున్న నేను వెళ్ళేసరికి ఇల్లంతా కిందామీదా అయి ఉంది. ట్రంకుపెట్టె బోర్లించారు, దేవుడి పటాల వెనక వెతికారు, దిండ్ల కుట్లు విప్పేశారు. నీలం గుడ్డ మూట ఒకటి విప్పి ఒళ్ళో పెట్టుకుని పిన్ని నేలమీద కూలబడింది. కాగితం ఎప్పుడూ ఆ మూటలోనే ఉందని ఆవిడ ధీమా. అందులో పాత రేషను చీటీలు తప్ప ఏమీ లేవు.

“మా అయ్య కాయితమే పైడీ. రేవులో పనికి సేరినప్పుడు ఇచ్చినారు. సిన్నప్పుడు ఒక్కపాలి సూసినాను. గుండ్రటి ముద్రుంటాది. అయ్యకి సంతకం రాదు గదా, కింద ఏలిముద్ర ఏసినాడు.”

వేలిముద్ర! గులాబీ కింద నేను కప్పేసిన నల్లటి మరక! నేను ఆనుకుని నించున్నది ఆ బల్లకే. “వస్తా పిన్నీ” అని గొణిగి మెట్ల మీదకి పారిపోయాను. ఒకవేళ కాదేమో, నిజంగానే బిల్లేమోనని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. మధ్యాహ్నం వాళ్ళు ఆఫీసుకి గడువు అడగడానికి వెళితే, వెతుకుతానని పక్కింటావిడకి వంక చెప్పి లోపలికి వెళ్ళి, ముద్ర కింద ఉన్న మొదటి మాట ఎలా ఉంటే అలా అరచేతిలో గీసుకున్నాను. కింద మందుల షాపు ఆయనకి ఇంగ్లీషు వచ్చు. నా అరచెయ్యి వెలుతురుకి తిప్పి చూసి, “అప్పన్న” అని చదివాడు. అది పిన్ని తండ్రి పేరు.

ఇప్పుడు నా సంగతి దాచకుండా చెబుతాను. బుధవారం పొద్దున్న టీ దుకాణం బండి వచ్చి ఆ బల్లని తీసుకెళ్ళిపోతుంది. నోరు మూసుకుంటే చాలు, నా అబద్ధం కూడా దాంతో వెళ్ళిపోతుంది. ఆ సాయంత్రమూ ఆ రాత్రీ నేను ఆ ఆలోచనతోనే గడిపాను. అన్నం సయించలేదు. అమ్మ జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది. అయినా చెప్పలేదు. మర్నాడు బండివాళ్ళిద్దరు వచ్చి బల్లకి చెరోవైపు చేతులు వేసి పైకెత్తారు. బల్ల కాళ్ళు నేలమీద నుంచి లేచాయి. అప్పుడు అరిచాను. ఏమని అరిచానో నాకే తెలీదు. వాళ్ళు బెదిరిపోయి దించేశారు.

“పిన్నీ, అది బిల్లు కాదు. అదే మీ అయ్య కాయితం.”

ఆవిడ నా దగ్గరికొచ్చింది. “బిల్లన్నావు గదే?”

“నేను చదవలేదు. నాకా రాత రాదు.”

రత్నం వంటింట్లోంచి ఒక్క ఉదుటున వచ్చింది. “ఉద్యోగం పోయిందా, కార్డు పోయిందా! దీన్ని ముందు బైటికి పొమ్మనమ్మా!” అని ఏడుపూ కోపమూ కలిపి అరిచింది. అన్నమాటలో తప్పులేదు. పిన్ని నన్నే చూస్తోంది. అంత కోపం ఆవిడ మొహంలో అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

“రాదని సెప్పడానికి ఏటే కట్టం? రెండు ముక్కలు. నాకు రాదు. నాను బతుకంతా సెప్పుకోనేదేటి?” అంది. తర్వాత రత్నం వైపు తిరిగి, “ఇది ఎల్లిపోతే ఆ గులాబీ ఎవులు తీస్తారు? నా కళ్ళు ఆనవు” అంది. బండివాళ్ళని పంపేసింది.

గులాబీ ఉన్నంత మేరే వార్నీషుని నున్నటి ఉప్పు కాగితంతో అరగదీశాను. గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన దూదిని గులాబీ మీద ఆనించి కూర్చున్నాం. ఎర్రరంగు దూదికి ఎక్కుతుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. అడుగు కాగితం కూడా నానిపోతే అప్పన్న తాత ముద్ద అయిపోతాడు. “ఊపిరి తియ్యే గుంటా, సచ్చిపోగలవు” అంది పిన్ని పక్కనుంచి. వేలికొనతో మెల్లగా దొర్లిస్తుంటే గులాబీ పొట్టుపొట్టుగా లేచి వచ్చింది. కింద మధ్య పూత చెక్కుచెదరలేదు. మొదట ఒక నంబరు కనిపించింది, దాని పక్కనే బొటనవేలి గీతలు. పిన్ని తన బొటనవేలు పక్కన పెట్టి చూసుకుంది. “మా అయ్య ఏలు ఇంత పెద్దదేటి!” అంటూ బావురుమంది. నేనూ ఏడ్చాను. రత్నం మాత్రం ఏడవలేదు, నా వైపు చూడలేదు.

కానీ అసలు కాగితం చెక్కని వదల్లేదు. ఒక మూల చాకు మొన ఆనిస్తే పీచులా చీలింది. “ఆపు” అంది పిన్ని. చాకు నా చేతిలోంచి తీసుకుని, “సొరుగు లాగు” అంది.

గురువారం ముగ్గురం బస్సెక్కాం. లుంగీలో చుట్టిన సొరుగు నా ఒళ్ళో ఉంది. ప్రతి కుదుపుకీ గట్టిగా పట్టుకున్నాను. ఆఫీసు వరసలో అందరి చేతుల్లో ప్లాస్టిక్ సంచులు, మా దగ్గర సొరుగు. అమ్ముతారా అని ఒకావిడ బేరం కూడా ఆడింది. చివరికి ఆఫీసు బల్ల ముందుకి వెళ్ళి సొరుగు మీది లుంగీ విప్పాం. కళ్ళద్దాల అధికారి సొరుగునీ, దానిచుట్టూ ఉన్న బిస్కెట్ లేబుళ్ళనీ చూసి, “ఇదేంటి, ఎగతాళా?” అన్నాడు. పిన్ని నా వీపు మీద చెయ్యి వేసి ముందుకి తోసింది. “నువ్వే సెప్పు.”

అయ్యగారూ అని బర్మా మాటలో పిలిచాను. “సయా, ఇది వాళ్ళ నాన్నగారి కాగితం. నాకు చదవడం రాక అంటించేశాను. తీస్తే చిరుగుతుంది. వాళ్ళ తప్పేమీ లేదు” అన్నాను. ఆయన మమ్మల్నీ సొరుగునీ మార్చి మార్చి చూశాడు. తర్వాత సొరుగుని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, నంబరు రాసుకుని, పాత రిజిస్టరు చూడాలి, మళ్ళీ పిలుస్తాం, అప్పుడు కూడా ఇది తీసుకురండి అన్నాడు. ఔనని అనలేదు, కాదని అనలేదు.

అలా ఎనిమిది నెలలు గడిచాయి. నాలుగుసార్లు పిలిచారు, నాలుగుసార్లూ సొరుగు నేనే మోశాను. ఆ బడి ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేశారు. రత్నం నాతో మాట మానేసింది. పిన్ని మాత్రం గులాబీ తీసిన మూడోరోజునే ఒక పాత కాగితం నా చేతికిచ్చి “సదువు” అంది. సగం చదివి, “ఇక్కణ్ణించి నాకు రాదు పిన్నీ” అన్నాను. ఒళ్ళంతా చెమట. ఆవిడ “ఊఁ” అని ఆ కాగితం పక్కన పెట్టి ఇంకోటి ఇచ్చింది. రోజూ అంతే. ఒకమారు తెలిసిందాన్ని కూడా భయంకొద్దీ రాదన్నాను. “అది కూడా అబద్దమే” అని తిట్టింది.

కార్డు వచ్చిన రోజు రత్నం దాన్ని తెచ్చి తల్లి చేతిలో పెట్టి, చదవబోయింది. పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది. “నువ్వుండు. పైడి సదువుతాది.”

రత్నం నన్ను చూసింది. పేరు చదివాను. తండ్రి పేరు చదివాను. పిన్ని కళ్ళు మూసుకుని ఒక్కో మాటకీ తల ఆడిస్తోంది. కింద ముద్ర పడిన చోట ఏదో ఒక మాట అలుక్కుపోయి ఉంది. రెండుసార్లు చూశాను. ఊహించి చెప్పేస్తే ఎవరికీ తెలియదు కూడా.

“ఇది నాకు తెలీడం లేదు పిన్నీ.”

“రత్నం, నువ్వు సూడు” అంది కళ్ళు తెరవకుండానే. రత్నం నా పక్కకి వచ్చి కూర్చుంది. ఇద్దరం తలలు ఆనించి ఆ మాట మీదకి వంగాం. కాసేపటికి రత్నం, “నాకూ తెలీడం లేదే పైడీ” అంది. ఎనిమిది నెలల తర్వాత అది నాతో అన్న మొదటి మాట.

పిన్ని పోయి రెండేళ్ళయింది. నేను చదవలేని కాగితాలు ఇప్పటికీ వస్తూనే ఉంటాయి. నాకు రాదు అనే ముందు ఇప్పటికీ అరచేతులు తడుస్తాయి. ఆ భయం పోతుందని పిన్ని ఎప్పుడూ అనలేదు. భయపడుతూనే అనేస్తాను.