మెడలో కెమెరా

తెలంగాణ రాకముందు మాట. కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే బస్సులో పక్క వరుసలో ఒకామె కూర్చుంది. ఆమె మెడలో, నల్లపూసల కింద, అగ్గిపెట్టెంత డబ్బా వేలాడుతోంది.

"తాయెత్తా అమ్మా?" అన్నాను.

"కెమెరా, సార్. పొద్దున లేస్తే పండుకునేదాక అంతా పడ్తది. సెల్లులు బాగుచేసే మా తమ్ముడు తయారుచేసిండు. మా ఆయన తలుపేసి కొడ్తడు. పెద్దమనుషులేమో, సూసినోళ్లెవరు అంటరు. ఇయ్యాల పంచాయితీ. ఇది సూపియ్యకుంటే మళ్ల ఆయనెంటనే పంపిస్తరు."

హుజూర్‌నగర్‌లో భర్త బస్సెక్కాడు. "నా ఇంటి ముచ్చట సినిమా తీస్తవే?" అంటూ జుట్టు పట్టి, ఆమె ముఖాన్ని కిటికీ ఊచకేసి కొట్టాడు. డబ్బాను తెంపి కాలికింద నలిపాడు. నేను మా తాతగారి వెండిపొన్ను కర్ర అడ్డం పెట్టాను.

"నువ్వెవడివి బే, ముసలోడా?" అని దాన్నే లాక్కుని నా నోటిమీద కొట్టాడు. కండక్టరూ మరో నలుగురూ కలిసి వాణ్ణి కిందికి తోశారు.

ముక్కు నుంచి రక్తం కారుతుండగానే ఆమె ముక్కలు ఏరుకుంది. "చిప్పు ఇరిగింది సార్. ఇగ మీ కండ్లే ఉన్నయి."

మా వంశంలో ఎవరూ సాక్ష్యం చెప్పి ఎరగరు. పంచాయితీలు కోటలాంటి మా గడీలోనే జరిగేవి. తాతగారు కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పేవారు. గడీ పోయింది, కుర్చీ పోయింది. ఒకరి ముందు నడుం వంచే అలవాటు మాత్రం మాకు రాలేదు.

మిర్యాలగూడలో పెద్దమనుషులు నన్ను ఎగాదిగా చూశారు. సాక్షి నేలమీద కూర్చుని చెప్పాలి, అదే ఆనవాయితీ అన్నారు.

"పంచె మాస్తది సార్," అంది ఆమె మెల్లగా.

చిట్లిన పెదవి తుడుచుకుని, నేలమీద కూర్చుని, మొదటి దెబ్బ నుంచి చెప్పాను.