హన్మమ్మ పంచిన గింజలు

మా వీధి హన్మమ్మకు ఒక అలవాటుంది. కొత్త గింజ ఏది దొరికినా పిడికెడు పెరట్లో చల్లి చూస్తుంది. మొలిస్తే ఇంటింటికీ పంచుతుంది. "ఇత్తనం దాసుకుంటె పురుగు వడ్తది, పంచితె పంటైతది" అంటుంది. భర్త మొగులప్ప పోయాక చేనూ, కొడుకునూ ఒంటి చేత్తో సాకిన మనిషి. మా వీధిలో సగం బీరపాదులు ఆమె చలవే. ఆ అలవాటే ఈ వానాకాలం ఆమె ప్రాణం మీదికి తెచ్చింది.

గురుబోధ తీసుకున్నాక హన్మమ్మ నీసు మానేసింది, గుడ్డు కూడా ముట్టదు. మనిషి చిక్కిపోయి, కాస్త నడిస్తే ఆయాసపడేది. ఒంట్లో మాంసకృత్తులు తగ్గాయని దవాఖానలో చెప్పారు. కోడలు వినోద ఫోన్‌లో వెతికి ఒక పొట్లం తెప్పించింది. ధనియాలకన్నా చిన్న గింజలు, బూడిద రంగు.

"ఏంది బిడ్డా గివి?"

"హెంప్ గింజలంట అత్తమ్మా. మస్తు బలం."

దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర వేసి దంచితే అవిసెల పొడిలాగే ఉంది, ఇంకాస్త కమ్మగా. జొన్నరొట్టెలోకి అదే, పప్పులోకి అదే. మాంసకృత్తులు, గుండెకు మేలు చేసే కొవ్వు, పీచు ఉంటాయని పొట్లం మీద రాసి ఉంది. ఆ పొడి పుణ్యమో, వేళకు తిన్న పుణ్యమో గానీ, తొలకరి పడేసరికి హన్మమ్మ మళ్ళీ కలుపు తీయసాగింది. ఇక ఆగుతుందా? వేయించని గింజలు పిడికెడు పెరట్లో చల్లింది.

మొక్కలు మోకాలెత్తు అయ్యాక కొడుకు దశరథ్ ఆకు చూసి అక్కడే కూలబడ్డాడు.

"అమ్మా, గిది గాంజ చెట్టే!"

"నీ నోట్ల మన్నువడ! కోడలు తెచ్చిన బలం గింజరా గది."

వినోద గబగబా ఫోన్‌లో చదివింది. గింజలో మత్తు లేదు, తినడానికి సర్కారు ఒప్పుకుంది. కానీ అది గంజాయి జాతి మొక్క గింజే. మొక్క పెంచితే మాత్రం కేసే. చేలల్లో ఆ మొక్కలు దొరికినవాళ్ళను జీపులో ఎక్కించుకుపోవడం మా వైపు అందరూ చూసిందే.

హన్మమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "నన్ను పట్కపోతరా బిడ్డా? గీ వయసుల?"

అంతలో వీధి మొదట్లో ఆబ్కారీ పోలీసుల జీపు ఆగింది. వేసిన మొక్కను పీకి ఎరగని హన్మమ్మ, ఏడుస్తూ వేళ్ళతో సహా లాగింది. పొయ్యి దగ్గరికి పరుగెత్తబోతే దశరథ్ అడ్డుపడ్డాడు. "పొయ్యిల వెట్టకే! వాసనకే దొరుకుతం." పెంటకుప్ప తవ్వి, లోపలికి తొక్కి, పైన పేడ కప్పారు.

వినోద తలుపు సందులోంచి తొంగి చూసింది. జీపు కల్లు దుకాణం ముందు నిలబడి ఉంది.

"మన కోసం గాదు. ఇగ పరేషాన్ లేదు అత్తమ్మా."

హన్మమ్మ చూపు మాత్రం పక్కింటి గోడ మీదే ఉంది. పక్కింటి విజయమ్మ గోడ మీదుగా తల పెట్టి, వీధంతా వినబడేలా పిలిచింది.

"హన్మక్కా! నువ్విచ్చిన గింజ మా పెరట్ల మస్తు ఏపుగ వచ్చింది. సిర్గాపూర్‌ల మా చెల్లెకు గూడ వంపిన, చేను గట్టు పొంటి ఏసిందట. జల్దీ వచ్చి సూడు!"

జీపు ఇంకా కదల్లేదు.