చిన్నమ్మ పేరిట వచ్చిన గ్లౌజులు

అక్కంటే అలా ఉండాలని వీధి వీధంతా మెచ్చుకునేది. మెచ్చుకోరూ మరి! కుష్టు వచ్చిందని చిన్నమ్మను మొగుడు వదిలేశాడు, అత్తవారు గడప తొక్కనివ్వలేదు. జబ్బు నయమైంది, ఇక ఎవరికీ అంటదు అని డాక్టరు కాగితం రాసిచ్చినా, ఆసుపత్రి గేటు దాకా వచ్చి చెయ్యి పట్టుకున్నది అక్క ఒక్కతే. "నా బేకరీ ఉందిగా, ఎందుకే ఏడుస్తావు?" అంది. ఆ ఒక్క మాటకు చిన్నమ్మ ఆరేళ్లు గొడ్డుచాకిరీ చేసింది.

పని బట్టీ దగ్గర. జబ్బు పోయింది గానీ, అది పట్టుకుపోయిన స్పర్శ తిరిగి రాలేదు. రొట్టెల ట్రేలను మడతపెట్టిన గుడ్డతో లాగేది. చెయ్యి కాలేది, తెలిసేది కాదు. బొబ్బ చితికాక చూసుకునేది. పుండ్లు పడి పడి ఎడమచేతి వేళ్లు రెండు కురచయ్యాయి. పుండు ముదిరితే చెయ్యే తీసేయాలని డాక్టరు ఏనాడో హెచ్చరించాడు. ఆసుపత్రికి వెళ్తానంటే పనెవరు చూస్తారని అక్క ఆపేది. గ్లౌజులు కొనమంటే నవ్వేసేది.

"నీకు కాలదు కదే, నీకెందుకు?"

చిన్నమ్మ కూడా నవ్వేది. పిచ్చి మొహంది, అక్క ముద్దు చేస్తోందనుకుంది.

ఒక పొద్దున ఆసుపత్రి నర్సు రొట్టె కొనడానికి వచ్చి, ట్రే మోసుకొస్తున్న చిన్నమ్మ చేతి కట్టు చూసి కోప్పడింది. "ఏటా మీకు మందపాటి గ్లౌజులు పంపుతున్నాంగా? మీ అక్కగారే సంతకం పెట్టి తీసుకుంటున్నారు. అదిగో, అవే!"

ఆమె చూపించింది చిన్నమ్మతో పాటు బట్టీ దగ్గర పనిచేసే జీతగాడి చేతులను. ఆ నీలం గ్లౌజులు అతని సొంతవని చిన్నమ్మ ఇన్నాళ్లూ అనుకుంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయింది ఆమె బతుకు.

"ఎందుకిలా చేశావక్కా?" గల్లా దగ్గరున్న అక్కను అడిగింది.

అక్క తడబడలేదు. చంటిపిల్లకు నచ్చజెప్పినట్టు, గొంతు తగ్గించి చెప్పింది. "వాడు బయటివాడే. చెయ్యి కాలితే మర్నాడే మానేస్తాడు. నువ్వెక్కడికి పోతావు?"

మొగుడు వదిలేసిన రోజు కూడా చిన్నమ్మకు ఇంత ఏడుపు రాలేదు. వాడు భయపడి వదిలేశాడు. అక్క ఏ భయమూ లేకుండా, తెలిసి తెలిసి ఆ చేతులను కాలనిచ్చింది.

చిన్నమ్మ ట్రే కింద పెట్టి, నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పింది.

"నర్సమ్మా, పనిలో చెయ్యి కాలితే ఫిర్యాదు ఎక్కడివ్వాలి?"

నర్సు గతుక్కుమంది. "మీ అక్క మీదా?"

"అక్క లేదు నాకు. యజమాని మీద."