అమ్మ మానేసిన బెల్లం

మా చిన్నప్పుడు... అంటే మరీ చిన్నప్పుడేం కాదు, పదో తరగతి చదివే రోజుల్లో... ఇంటి వెనక బెల్లం వండుతుంటే నా బట్టలు, జడ, పుస్తకాలు అన్నీ బెల్లం వాసనే. బళ్లో నా పక్కన కూర్చునే పిల్ల నా లెక్కల పుస్తకం వాసన చూసి "ఆకలేత్తందే" అనేది.

అనకాపల్లి చుట్టుపక్కల చెరకు పండించే ఇళ్లలో ఇది మామూలే. చలికాలం వచ్చిందంటే గానుగ, పొయ్యి, పెద్ద పెనం... మా నాన్నకో అలవాటు ఉండేది. పెనం దింపగానే వేడి వేడి బెల్లం కొంచెం అరిటాకు ముక్కలో వేసి ముందు అమ్మకు తెచ్చి ఇచ్చేవాడు. అమ్మ ఊదుకుంటూ తిని "బాగా కుదిరింది" అనాలి. అంటేగానీ నాన్న మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లేవాడు కాదు.

ఆ ఏడు ప్రీఫైనల్ పరీక్షలు దగ్గరపడ్డాక నాన్న ఎప్పట్లాగే ఆకు తెచ్చాడు. అమ్మ చెయ్యి చాపలేదు. "గుంటకి పెట్టు. నాకొద్దు" అంది నన్ను చూపిస్తూ.

నాన్న ఆకు నా చేతిలో పెట్టి, "నీ లెక్కల కోసం మీయమ్మ బెల్లం మానీసిందే. నువ్వు పది పాసయ్యేదాకా ముట్టనని నూకాలమ్మకి మొక్కీసింది" అన్నాడు. గొప్పగానే చెప్పాడు పాపం. నాకు మాత్రం ఆ ముద్ద గొంతు దిగలేదు.

ఎందుకంటే నాకు లెక్కలు రావు... ఎంత రావో నాకొక్కదానికే తెలుసు. త్రికోణమితి పేరు వింటేనే చెమటలు పట్టేవి.

మొదటి ప్రీఫైనల్లో లెక్కలు తప్పాను. పేపరు మీద నాన్న సంతకం కావాలి. బిక్కుబిక్కుమంటూ ఇచ్చాను. నాన్న సంతకం పెట్టేసి "పోన్లేవే, అసలు పరీచ్చ ముందుంది కదా" అన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని తీపి లేని టీ తాగింది. మా ఇంట్లో టీలోకి కూడా బెల్లమే, పంచదార కొనే అలవాటు లేదు. గుక్క మింగినప్పుడల్లా ఆవిడ ముఖం ముడుచుకోవడం చూస్తూ నిలబడ్డాను. వీపు మీద రెండు తగిలించినా బాగుండేది... ఏడ్చి ఊరుకునేదాన్ని.

రెండో ప్రీఫైనల్లో నాకు వచ్చిన లెక్కలు కూడా రాయలేకపోయాను. పెన్ను పట్టుకుంటే చాలు, అమ్మ టీ గ్లాసు కళ్లముందుకొచ్చేది. నేను పది తప్పితే అమ్మ ఇంక జన్మలో బెల్లం ముట్టదు... బుర్రంతా అదే. మళ్లీ తప్పాను.

ఆ సాయంత్రం ఉండబట్టలేక "అమ్మా, నువ్వు తినీయమ్మా... నాకు బయమేత్తంది" అని ఏడ్చేశాను.

అమ్మ విస్తుపోయింది. "ఇందులో బయమేటే? నీకు సదువు సెప్పడానికి నాకు అచ్చరం రాదు. టూషన్‌కి పెడదామంటే మనూర్లో మాస్టారు లేడు. నానేటి సెయ్యగల్ను సెప్పు? నా సేతిలో ఉన్నది ఇదొక్కటే" అంది.

అమ్మ మీద కోపం వచ్చింది... ఇంత చేస్తున్న మనిషి మీద కోపమేమిటని నా మీద నాకే అసహ్యం వేసింది. పబ్లిక్ పరీక్ష ఎలా రాశానో ఇప్పటికీ గుర్తులేదు. లెక్కల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. ఫలితాలు వచ్చిన రోజు అమ్మ బెల్లం ముక్క నోట్లో వేసుకుని భోరుమంది. చూసినవాళ్లంతా సంతోషం పట్టలేక ఏడుస్తోంది అన్నారు. నాకు సంతోషం రాలేదు... హమ్మయ్య, అమ్మ తింది అనుకున్నాను, అంతే.

ఇప్పుడు మా అబ్బాయి పదో తరగతి. ప్రీఫైనల్స్ నడుస్తున్నాయి. సంతకాల గొడవ లేదు, మార్కులు వాడికంటే ముందే నా ఫోన్‌కి వచ్చేస్తాయి. వాడు చెప్పులు విప్పుతూనే నా ముఖం చూసి సంగతి తెలుసుకుంటాడు. పోయిన వారం సైన్సు తప్పాడు. నేను అరవలేదు, ఒట్టు. "పర్లేదు నాన్నా" అన్నాను. మర్నాటి నుంచి టీ మానేశాను. మొక్కేం కాదు... ఎవరికీ చెప్పలేదు కూడా. చెప్పకపోతే వాడి మీద బరువు పడదనుకున్నాను.

నిన్న పొద్దున పరీక్షకు బయల్దేరాల్సినవాడు వంటింట్లోకి వచ్చాడు. మనవడి పరీక్షలని ఊరి నుంచి సాయానికి వచ్చిన మా అమ్మ అక్కడే వంకాయలు తరుగుతోంది. వాడు తనే టీ గ్లాసులో పోసి నా ముందు పెట్టాడు. "నా కోసమే కదమ్మా మానేశావు? తాగమ్మా... నువ్వలా ఉంటే నాకు చదివింది ఏదీ గుర్తుండట్లేదు" అన్నాడు.

అమ్మ వైపు చూశాను. అమ్మ కత్తిపీట పక్కకు జరిపింది.

"తాగీయే" అంది. "నువ్వూ ఇలాగే సెప్పేవు అప్పుడు... నాను ఇన్లేదు."

తాగాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా వాడు అక్కడే నిలబడి చూసి, అప్పుడు బ్యాగు తగిలించుకుని వెళ్లాడు. ఎలా రాశాడో ఇంకా మెసేజ్ రాలేదు. ఫోన్ మోగినప్పుడల్లా పరుగెత్తి చూస్తున్నాను... అయినా పొద్దున్న టీ మాత్రం వాడి ఎదురుగానే కూర్చుని తాగాను.

అప్పుడు మా అమ్మ అందరికీ తెలిసేలా మానేసింది, ఇప్పుడు నేను దాచిపెట్టి మానేశాను... ఇన్నేళ్లలో మారింది అంతేనేమో. మీ పరీక్షల కోసం మీ ఇంట్లో ఎవరేం మానేశారు? ఆ సంగతి మీకు అప్పుడే తెలిసిందా... తెలిస్తే, మీకు ముద్ద ఎలా దిగింది?