సుధీర్ కంప్యూటర్ రీస్టార్ట్

సుధీర్ పోయాక సునంద ఏడవలేదని అపార్ట్‌మెంట్లోని ఆంటీలందరికీ పెద్ద దిగులు. ఏడవాలటమ్మా, ఏడిస్తే గుండె తేలికవుతుందట! రాని ఏడుపును ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుంది పాపం? పొద్దున్నే క్యాబెక్కి గురుగ్రామ్‌లోని ఆఫీసుకు పోతుంది, సాయంత్రం వచ్చి అత్తగారు పెట్టింది తింటుంది. ఏం కూర తిన్నావంటే మాత్రం చెప్పలేదు.

మొగుడూ పెళ్ళాలిద్దరిదీ ఒకే కంపెనీ. అతను సేల్స్, ఆమె ఐటీ సపోర్ట్. ఆ రోజు బయట మీటింగని సుధీర్ ల్యాప్‌టాప్ ఇంట్లోనే వదిలి మెట్రో ఎక్కాడు. దారిలోనే గుండె ఆగింది. ల్యాప్‌టాప్ ఆగలేదు.

ఆఫీసులో సునంద ముందున్న తెర మీద ప్రతి కంప్యూటర్ పక్కనా, అందులో ఎవరు లాగిన్ అయి ఉన్నారో పేరు కనిపిస్తుంది. ఆ ఒక్కదాని పక్కన సుధీర్ అని ఉంటుంది. ఉద్యోగి పోతే మెషిన్ వెనక్కి తెప్పించడం సునంద పనే. తెప్పించలేదు. రీస్టార్ట్ అయితే ఆ పేరు పోతుందని, అప్‌డేట్లు వచ్చినప్పుడల్లా దాన్ని పక్కన పెట్టింది. రోజూ లంచ్‌లో ఇంటికి ఫోన్ చేసి ఒకే మాట చెబుతుంది.

"అత్తయ్యా, ఛార్జర్ తీయకండి."

"తీయన్లేవే అమ్మాయ్."

అత్తగారు దుర్గాంబ తెనాలిలో టీచరుగా రిటైరైన మనిషి. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

ఇంతలో కంపెనీ కొత్త సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కొంది. అనుమానం ఉన్న ఫైలును కంప్యూటర్ లోపలే ఇంకో చిన్న కంప్యూటర్ సృష్టించి, అందులో బంధించి తెరుస్తుందట. అందుకు ప్రాసెసర్లో వర్చువలైజేషన్ అనే సెట్టింగ్ ఆన్ కావాలి. ఒకప్పుడైతే సీటు సీటుకీ వెళ్ళి, ఆపి, వెలిగించి, మీట నొక్కి మార్చేవాళ్ళు. ఇప్పుడు కూర్చున్న చోటు నుంచే అన్నిటికీ పంపొచ్చు. కానీ మెషిన్ రీస్టార్ట్ అయితే తప్ప ఆ సెట్టింగ్ పని చేయదు. దాన్ని తప్పించే తెలివి ఇంకా ఎవరికీ పుట్టలేదు.

సునంద అన్నిటికీ పంపింది, ఒక్కదానికి తప్ప.

"సునందా జీ, బస్ ఏక్ రహ్ గయా. కిస్కా హై?" అని, మిగిలిన ఆ ఒక్కటీ ఎవరిదో అడిగాడు అర్జున్. కొత్తగా వచ్చిన మేనేజర్, అతనికేం తెలుసు! అది కూడా అయితేనే పై వాళ్ళకు పూర్తయిందని చెప్పగలడు.

పాడైపోయిందని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. చెబితే రేపు ఇంకొకరు దాన్ని తీసుకెళ్ళడానికి ఇంటికొస్తారు, అత్తయ్య తలుపు తీయాలి.

"మా ఇంట్లో ఉంది. చేసేస్తా, ఠీక్ హై?" అంది.

నొక్కింది. ఏమీ అనిపించలేదు. మెషిన్ కాసేపు కనబడకుండా పోయి మళ్ళీ వచ్చింది. సెట్టింగ్ ఆన్. పేరుండే చోట ఖాళీ.

"హండ్రెడ్ పర్సెంట్! గ్రేట్!" అన్నాడు అర్జున్, టీకి లేస్తూ.

అప్పుడే ఫోన్ మోగింది.

"అమ్మాయ్, వాడి ల్యాప్‌టాప్ ఆరిపోయి మళ్ళీ వెలిగిందే. తెర మీద వాడి పేరు రాసి, కింద పాస్‌వర్డ్ అడుగుతోంది. ఏం కొట్టమంటావ్?"

సునంద ఐటీ మనిషి. పాత పాస్‌వర్డ్ తీసేసి కొత్తది పెట్టడం ఆమెకు చిటికెలో పని. కొత్తది పెడితే లోపలికి వచ్చేది తనే కానీ సుధీర్ కాడుగా.

"ఏం కొట్టకండి అత్తయ్యా. ఇక ఛార్జర్ తీసేయండి."

"తీసెయ్యనా? నిజంగానే అంటున్నావా?"

"తీసేయండి."

అవతల గోడ మీది స్విచ్ టక్కుమంది. సునందకు అంత మంది మధ్యా, కీబోర్డు మీదికి వంగిపోయేంత ఏడుపొచ్చింది.